రోగి పరిచర్య: సిరల సంరక్షణము



ఆసుపత్రిలో రోగి మంచముప్రక్క రాత్రియంతయు మేలుకొని కూర్చుండునది యెవరు? డాక్టరు ఉదయమున నొకసారి, సాయంకాలమున నొకసారి వచ్చి చూచిపోవును. నర్సు అనేకమంది రోగులను చూచుకొనవలసినది గనుక ఒకరివద్దనే నిలిచి యుండజాలదు. తక్కిన కాలమంతయు రోగిని కనిపెట్టుకొని యుండునది తల్లియో, భార్యయో, కోడలో, కూతురో. కావున చేతికి పెట్టిన గొట్టము జారినను, కాలు వాచినను, మొట్టమొదట చూడగల కన్ను మనదే. ఆ కన్ను ఏమి చూడవలెనో చెప్పుటకే ఈ మాసమున ఈ విషయమును గైకొంటిని.

ఇటీవల నాకు చేరిన జాబులలో మూడు దీనికి సంబంధించినవే. "మా అత్తగారి చేతిలో మూడుదినములు సూది నుంచిరి. చేయి కదల్చినచో అది విరిగి లోపలికి పోవునేమో యని ఆమె సరిగా అన్నమైన తినలేదు" అని యొక సోదరి వ్రాసినది. "సెలైను ఎక్కుచుండగా మా పిల్లవాని చేయి బూరెవలె పొంగినది. ఏమి చేయవలెనో తెలియక తెల్లవారువరకు కూర్చుంటిమి" అని మరియొక సోదరి విచారించినది. మూడవయామె తన కాళ్లపై నీలముగా ఉబ్బి మెలికలు తిరిగిన నరములను గూర్చి అడిగినది. ఈ మూడు ప్రశ్నలును రక్తము ప్రవహించు త్రోవలకు సంబంధించినవే కావున ఒక్కచోటనే సమాధానము వ్రాయుచున్నాను.

చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. అందు పరిచారకునకు ఉండవలసిన గుణములు నాలుగు: ఉపచారజ్ఞానము, దక్షత, అనురాగము, శౌచము. మన యిండ్ల స్త్రీలయందు అనురాగమునకు కొదువలేదు. దక్షతయు, శుచియు చిన్ననాటినుండి యలవడినవే. కొరతపడునది మొదట చెప్పిన ఉపచారజ్ఞానము. అది తోడుగా లేని అనురాగము ఒక్కొక్కచో రోగికి కీడే చేయును. వాచిన కాలికి నూనె రాచి మర్దించుట, నీరసముగా నున్నదని బ్రతిమాలి సెలైను పెట్టించుకొనుట, త్వరగా ఇంటికి పోవచ్చునని సెలైను వేగము పెంచుట ఇట్టివి. ఈ మూడును ప్రేమతో చేయు పనులే. మూడును ప్రమాదము తెచ్చునవే. ఎట్లో క్రమముగా చెప్పెదను.

మొదట పేర్లు తేటపరచుకొందము. "నరము దొరకలేదు", "నరమునకు సూది వేసిరి" అని మనము వాడుకలో అందుము. వైద్యశాస్త్రమున నరము వేరు, రక్తనాళము వేరు. స్పర్శను, కదలికను నడపునది నరము. రక్తమును మోయునవి నాళములు. వానిలో గుండెనుండి రక్తమును అంగములకు గొనిపోవునది ధమని. అంగములనుండి గుండెకు మరలించునది సిర. ధమని వ్రేలికి తగులునట్లు కొట్టుకొనుచుండును. సిర చర్మముక్రింద నీలముగా కానవచ్చును గాని కొట్టుకొనదు. సుశ్రుతసంహిత శారీరస్థానమున సిరలు 700 అనియు, అందు 98 గ్రుచ్చరానివనియు లెక్క గలదు. ఆ సంఖ్యలు నేటి శాస్త్రముతో సరిపోవకున్నను, తాకరాని సిరలు కొన్ని యున్నవను హెచ్చరిక నేటికిని నిజమే. అది ఎట్లో ముందు తెలియును.

రక్తము గుండెనుండి వెడలి తిరిగి గుండెకే చేరునని విలియం హార్వీ యను ఆంగ్లవైద్యుడు 1628లో గ్రంథమూలమున నిరూపించెను. ఆయన చూపిన నిదర్శనములలో నొకటి సులభమైనది. మోచేతికి పైన గుడ్డ కట్టినచో క్రింది సిరలు ఉబ్బును. ఉబ్బిన సిరపై అక్కడక్కడ చిన్న ముడులవంటివి కనబడును. అవి కవాటములు. రక్తమును గుండెవైపునకే పోనిచ్చును, వెనుకకు రానీయవు. రక్తము తీయుటకు ముందు నర్సు చేతికి రబ్బరుపట్టీ కట్టుట సిరను ఇట్లు ఉబ్బించుటకే. ఈ కవాటముల సంగతి జ్ఞప్తియందుంచుకొనుడు. కాళ్ల విషయమున దానితో పని యున్నది.

ఇక మొదటి సోదరి భయమునకు సమాధానము. చేతికి పెట్టు కాన్యులాలో సన్నని మెత్తని ప్లాస్టికు గొట్టమును, దాని లోపల ఉక్కుసూదియు ఉండును. సిరను గ్రుచ్చి గొట్టము లోనికి చేరగానే సూదిని వెలుపలికి తీసివేయుదురు. లోపల మిగులునది గొట్టము మాత్రమే. అమెరికాలోని మేయో క్లినిక్కున డేవిడ్ మాసా యను వైద్యుడు 1950లో ఇట్టి ప్లాస్టికు గొట్టమును వెలువరించెను. అంతకుముందు ఉక్కుసూదియే సిరలో నుండెడిది గనుక చేయి కదలకుండ నుంచవలసి వచ్చెడిది. నేడు వ్రేళ్లు ముడుచుటకు, అన్నము కలుపుకొనుటకు జంకవలసిన పనిలేదు. మణికట్టువద్దనో, మోచేతి మడతలోనో పెట్టినప్పుడు మాత్రము ఆ కీలు వంచకుండ చూచుకొనవలెను. పసిపిల్లల చేతిని చిన్న చెక్కకు కట్టినచో వ్రేళ్లకొనలు వెచ్చగా, గులాబిరంగున నున్నవో లేదో తరచుగా చూడవలెను. చల్లబడి నీలమైనచో కట్టు బిగువైనదని తెలిసికొని నర్సుకు చెప్పవలెను.

కాన్యులా మూతల రంగులు వేడుకకు పెట్టినవి కావు. గొట్టపు లావునుబట్టి రంగు మారును. పసుపుది 24, నీలిది 22, గులాబిది 20, ఆకుపచ్చది 18. సంఖ్య పెరిగినకొలది గొట్టము సన్నమగును. పసిపిల్లలకును, బలహీనములైన సిరలు గల వృద్ధులకును పసుపుదో, నీలిదో వాడుదురు. శస్త్రచికిత్సకు పోవువారికి, రక్తము ఎక్కించవలసినవారికి లావుపాటిది కావలసి యుండును.

నర్సు సిరను వెదకకముందే మనము చెప్పవలసిన సంగతులు కొన్ని గలవు. రోగి ఏ చేతితో భుజించునో చెప్పినచో వీలైనంతవరకు రెండవ చేతికి పెట్టుదురు. రొమ్ముకు శస్త్రచికిత్స జరిగి చంకలోని గ్రంథులను తీసివేసినచో ఆ వైపు చేతికి పెట్టరాదు. పక్షవాతము వచ్చిన చేతికి స్పర్శ తెలియదు గనుక, అక్కడ కీడు మూడినను రోగి చెప్పజాలడు. మూత్రపిండముల వ్యాధి యున్నచో ఆ మాట అందరికంటె ముందు చెప్పవలెను. ఆ చేతి గాజులు, ఉంగరములు కూడ ముందుగానే తీయవలెను. చేయి వాచినపిదప అవి బిగిసి రక్తము ఆడనీయవు. గాజులు తీయుట అశుభమని శంకించు పెద్దలున్నచో వానిని రెండవ చేతికి మార్చినచో వారి మనస్సునకు నెమ్మది, రోగికి క్షేమము.

రెండవ సోదరి ప్రశ్న ముఖ్యమైనది. సెలైను ఎక్కుచున్నప్పుడు మనము కనిపెట్టవలసిన ఆపదలు మూడు. మొదటిది వాపు. గొట్టముకొన సిరనుండి జారినచో ద్రవము కండలోనికి పోవును. అప్పుడు ఆ చోటు ఉబ్బి, బిగిసి, తెల్లబారి, చల్లగా నుండును. రెండు చేతులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో భేదము తెలియును. రెండవది మంట. కొన్ని మందులు సిరలో నున్నంతవరకు మేలుచేసి, వెలుపలికి చిందినచో కండను కాల్చివేయును. పుట్టకురుపునకు ఇచ్చు మందులలో కొన్ని యిట్టివి. మందు ఎక్కుచుండగా రోగి మంటయనినచో "ఓర్చుకొనుము" అనరాదు. తత్‌క్షణమే నర్సును పిలువవలెను. గొట్టమును మనమే లాగివేయరాదు. చిందిన మందును ఆ గొట్టముద్వారనే వెనుకకు తీయుటకు వారు యత్నింతురు. ఆ చోటును రుద్దరాదు, కాపడము పెట్టరాదు. మూడవది ఎఱ్ఱదనము. సిర తాపముచెందినచో గొట్టముచుట్టును ఎఱ్ఱబడి, వేడెక్కి, నొప్పిపెట్టును. ముదిరినచో చర్మముక్రింద త్రాడువలె గట్టిపడిన సిర వ్రేలికి తగులును. ఆ కాన్యులాను తీయించి వేరొకచోట పెట్టించవలసినదే. చీము కనబడినను, వణకుతో జ్వరము వచ్చినను ఒక్క నిమిషమైన ఆలస్యము చేయరాదు.

ఈ మూటిలో దేనికిని తెల్లవారువరకు వేచియుండుట తగదు. అర్ధరాత్రి నర్సును లేపినచో విసుగుకొనునేమో యని మొగమాటపడుట మన స్త్రీలలో హెచ్చు. మొగమాటముచే రోగి చేయి పాడుచేయుటకంటె ఆ విసుగును సహించుటయే మేలు. మెలకువగా నున్నంతసేపు గంట రెండు గంటల కొకసారి ప్లాస్టరుచుట్టును కంటితో చూచి, వ్రేలితో మెల్లగా తాకి, "నొప్పియా?" అని యడుగుడు. రోగి నిద్రించుచున్నను దుప్పటి తొలగించి చూడవచ్చును.

సీసాక్రింద గొట్టమునకు చిన్న చక్రము గలదు. బిందువుల వేగము దానివలన మారును. దానిని మనము త్రిప్పరాదు. లెక్క చూడుడు. 20 బిందువులు ఒక మిల్లీలీటరగు గొట్టమున 500 మిల్లీలీటర్ల సీసాను 8 గంటలలో ఎక్కించవలెనన్నచో నిమిషమునకు ఇంచుమించు 21 బిందువులు పడవలెను. బస్సు దాటిపోవునని చక్రమును తెరచి ఆ సీసాను గంటలో ముగించినచో గుండెకును మూత్రపిండములకును ఎనిమిదింతల పని ఒక్కసారి మీదపడును. వృద్ధులకు, గుండెజబ్బువారికి ఊపిరితిత్తులలో నీరుచేరి ఆయాసము వచ్చును. బిందువులు ఆగినచో చేయి మడతపడినదేమో, గొట్టము నలిగినదేమో చూచి నర్సుకు చెప్పుడు. సీసా ఖాళీయై గొట్టములోనికి కొంచెము రక్తము తిరిగివచ్చుట చూచి కొందరు కేకలు వేయుదురు. అది భయపడదగినది కాదు. సీసా మార్చవలసిన గుర్తు. గొట్టములో కనబడు ఒకటి రెండు చిన్న గాలిబుడగలవలన సామాన్యముగా హాని కలుగదు. పొడుగైన గాలితుంట కనబడినచో మాత్రము చెప్పవలెను.

శౌచము సంగతి. కాన్యులా మూత సూటిగా రక్తములోనికి తెరచుకొను వాకిలి. దానిని చేతితో విప్పుట, ప్లాస్టరును తడుపుట, పసుపు నద్దుట, విభూతి రాయుట తగదు. రోగిని తాకుటకు ముందు మనము సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. వచ్చి తాకువారిని, డాక్టరునైనను నర్సునైనను, చేతులు శుభ్రపరచుకొనిరా యని మర్యాదగా నడుగుట తప్పుకాదు. కాన్యులా పెట్టిన తేదీని ప్లాస్టరుపై వ్రాయుదురు. వ్రాయకున్నచో వ్రాయుడని కోరుడు. మూడు నాలుగు దినములకు మార్చు ఆసుపత్రులు గలవు. చేయి బాగుగ నున్నంతవరకు ఉంచి, చెడగానే తీయునవియు గలవు. ఏ పద్ధతియైనను, "ఇది నేడు కూడ అవసరమా?" అని దినమున కొకసారి అడుగుట మన పని. పనిలేని గొట్టము వంట్లో నుండుట వాకిలి తెరచి నిద్రించుటవంటిది.

తీసినపిదప పొడిదూదితో రెండు మూడు నిమిషములు కదల్చక అదిమి పట్టుకొనవలెను. రుద్దినను, మోచేతిని మడచి యూరకున్నను రక్తము చర్మముక్రింద చేరి కమిలిపోవును. రక్తము గడ్డకట్టకుండ మాత్రలు వాడువారికి మరికొంతసేపు అదుమవలెను. తరువాత కొలదిదినములు ఆ చోటు ఎఱ్ఱబడునేమో చూచుచుండవలెను.

ఇప్పుడు "నీరసమునకు సెలైను" సంగతి. మన పల్లెలలో ఒక సీసా ఎక్కించుకొన్నగాని బలము రాదను నమ్మకము వేళ్లూనినది. ఆ సీసాలో ఏమున్నదో తెలిసినచో ఈ మోజు తగ్గును. 500 మిల్లీలీటర్ల సాధారణ సెలైనులో నున్నది నీరును, 4.5 గ్రాముల ఉప్పును మాత్రమే. ఇంచుమించు ముప్పాతిక చెంచా ఉప్పు. అంతే కొలతగల 5 శాతము గ్లూకోజు సీసాలో 25 గ్రాముల గ్లూకోజు. అయిదారు చెంచాల చక్కెర తిన్నదానితో సమానము. నోట త్రాగగలిగినవానికి చల్లయు, గంజియు, పప్పన్నమును ఇంతకు మిక్కిలి బలమిచ్చును.

సెలైను గొప్పదనమును నేను తక్కువచేయుట లేదు. 1832లో కలరా వ్యాపించినప్పుడు స్కాట్లండునందు థామస్ లాటా యను వైద్యుడు చావునకు దగ్గరపడిన రోగుల సిరలలోనికి ఉప్పునీరెక్కించి కొందరిని బ్రతికించెను. వాంతులు నిలువక త్రాగినది కడుపులో నుండనప్పుడు, స్పృహ లేనప్పుడు, శస్త్రచికిత్సయందు అదియే ప్రాణాధారము. కాని నోట త్రాగగలవారికి నోరే ఉత్తమమార్గము. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున బొన్‌గావ్ శరణార్థి శిబిరమున కలరా చెలరేగి సెలైను నిండుకొన్నప్పుడు దిలీప్ మహలనబిస్ అను వంగదేశవైద్యుడు ఉప్పు, గ్లూకోజు మొదలగునవి కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి ముప్పది వరకునున్న మరణములు నూటికి నాలుగింటికంటె తక్కువకు దిగినవి. ఆ పని చేసినది తల్లులు, అక్కచెల్లెండ్రు అని మనము మరువరాదు. అంగడిలో దొరకు ఓ.ఆర్.ఎస్. పొడి ఆ మార్గమున వచ్చినదే. అది దొరకనిచో ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు సమచెంచాల చక్కెరయు, అరచెంచా ఉప్పును కలిపి విరేచనములైనవారికి కొంచెము కొంచెముగా త్రాగించవచ్చును.

అక్కఱలేని సెలైనువలన పోవునది సొమ్ము మాత్రమే కాదు. గ్రుచ్చిన ప్రతిసారియు సిర కొంత గాయపడును. పలుమార్లు తాపముచెందిన సిర గట్టిపడి మూసికొనిపోవును. మా బంధువులలో నొక పెద్దామెకు మధుమేహమువలన నీరసము వచ్చినప్పుడెల్ల ఊరిలోనే సెలైను పెట్టించెడివారు. రెండు చేతులకు ఎన్ని సీసాలు ఎక్కినవో లెక్కలేదు. కొన్ని యేండ్లకు ఆమె మూత్రపిండములు చెడి, యంత్రముతో రక్తము శుద్ధిచేయు డయాలిసిస్ తప్పనిదైనది. శస్త్రవైద్యుడు ఆమె రెండు చేతులును పరీక్షించి, "పనికివచ్చు సిర యొక్కటియు మిగులలేదే" అనెను. అందుచే మెడసిరలోనికి గొట్టము నుంచవలసి వచ్చినది. ఆ గొట్టము తాపించి రెండుమార్లు విషజ్వరము వచ్చి ఆమె చావు తప్పించుకొన్నది. ఆమె కుమారులు తల్లియందు ప్రేమలేనివారు కారు. తల్లి నీరసము చూడలేకయే ఆ సీసాలు పెట్టించిరి.

ఆ శస్త్రవైద్యుడు సిరను వెదకుట ఎందులకనగా, డయాలిసిస్‌నకు మిక్కిలి మేలైన మార్గము చేతిలోని ధమనిని సిరతో కలిపి కుట్టుట. దీనిని ఫిస్టులా యందురు. న్యూయార్కు వైద్యులైన బ్రెషియా, చిమినో మొదలగువారు ఈ విధానమును 1966లో ప్రకటించిరి. ధమనివేగము తగిలి సిర లావై, గోడలు దిట్టమై, మాటిమాటికి రెండేసి సూదులను తాళుకొనును. అట్లు ముదురుటకు కొన్ని వారములు, ఒక్కొక్కచో నెలలు పట్టును. కాన మూత్రపిండముల వ్యాధి తెలిసిన దినమునుండియే ముంజేతి సిరలను దాచుకొనవలెను. రక్తపరీక్షకు అరచేతి వెనుకభాగమునుండి తీయుడని కోరవలెను. సుశ్రుతుడు గ్రుచ్చరాని సిరలను చెప్పినట్లే, ఈ రోగికి ఆ సిరలు గ్రుచ్చరానివి. ఫిస్టులా యున్న చేతికి సెలైనుగాని, రక్తపుపోటు పట్టీగాని, బిగువుగాజులుగాని తగవు. ఆ చేతిపై పండుకొనరాదు, బిందెలు మోయరాదు. దినమును ఉదయము సాయంకాలము దానిపై వ్రేళ్లుంచినచో తుమ్మెద రొదవంటి అదురు తగులును. ఆ అదురు ఆగినచో అదేదినమున ఆసుపత్రికి పోవలెను. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున, కవిటి, సోంపేట మొదలగు చోట్ల ఈ వ్యాధి ఎన్ని యిండ్లను కుదిపివేసినదో మీరెరిగినదే. 2023 డిసెంబరులో పలాసయందు ఈ వ్యాధికై 200 పడకల ఆసుపత్రి తెరువబడినది. యంత్రములు ఎన్ని వచ్చినను వానికి రక్తమందించు సిర రోగి చేతిలో మిగిలి యుండవలెను గదా!

మూడవ సోదరి అడిగిన కాళ్ల సంగతి. కాలి సిరలలోని రక్తము పైకెక్కి గుండెను చేరవలెను. దానిని క్రిందికి జారనీయకుండ ఆపునవి ఇంతకుముందు చెప్పిన కవాటములే. గర్భధారణమువలనను, గంటలకొలది పొయ్యివద్ద నిలుచుటవలనను, వంశగుణమువలనను అవి సడలినచో రక్తము నిలిచి సిరలు ఉబ్బి మెలికలు తిరుగును. సాయంకాలమునకు కాళ్లు బరువెక్కి చీలమండలు వాచును. ఇట్టివారు దినమునకు మూడు నాలుగుమార్లు పావుగంటసేపు కాళ్లను గుండెకంటె ఎత్తున నుంచి పండుకొనవలెను; నిలుచుచోట మడమలు ఎత్తి దింపుచుండవలెను; కూరగాయలు తరుగుట మొదలగు పనులు కూర్చుండి చేసికొనవలెను. డాక్టరు చెప్పినచో బిగువు మేజోళ్లను ఉదయము మంచము దిగకముందే తొడుగుకొనవలెను. ఉబ్బినసిర చిట్లి రక్తము కారినచో భయపడక వెల్లకిల పండుకొని, కాలెత్తి, శుభ్రమైన గుడ్డతో పదినిమిషములు గట్టిగా అదుమవలెను.

దీనికంటె ప్రమాదమైనది లోతుసిరలో రక్తము గడ్డకట్టుట. శస్త్రచికిత్స జరిగినవారికి, బహుదినములు మంచముపట్టినవారికి, బాలింతలకు ఇది కలుగవచ్చును. ప్రసవించిన ఆరువారములవరకు ఈ భయము హెచ్చుగా నుండును. గుర్తు ఏమనగా, సాధారణముగా రెండుకాళ్లలో ఒకటి మాత్రమే వాచి, పిక్క నొప్పిపెట్టి, వెచ్చబడును. మన పెద్దలు వాతమని తలచి నువ్వులనూనెతో మర్దించుదురు. అమ్మలారా, అట్లు చేయకుడు! ఆ గడ్డ కదలి రక్తముతోకూడ పోయి ఊపిరితిత్తుల నాళమును మూసినచో నిమిషములలో ప్రాణము పోవచ్చును. ఒక్క కాలు వాచినచో తాకక ఆసుపత్రికి తీసికొనిపోవుడు. ఆకస్మికముగా ఆయాసము, రొమ్మునొప్పి, దగ్గులో రక్తము కానవచ్చినచో వెంటనే 108కు చెప్పుడు. బాలింతను మూల గదిలో కదలనీయక పండబెట్టుట, దాహమునకు నీళ్లు తక్కువ ఇచ్చుట మన పాత ఆచారములలోనివి. వైద్యులు సరేయన్న దినముననే ఆమెను మెల్లగా నడిపించి, కావలసినన్ని నీళ్లిచ్చుట నేటి మేలైన పరిచర్య.

కడపటి మాట ధమనులను గూర్చి. సిరరోగమునకు చేయు ఉపచారమే ధమనిరోగమునకు చేసినచో కీడగును. చుట్టలు, బీడీలు త్రాగువారికిని, మధుమేహులకును కాలి ధమనులు సన్నగిల్లును. నడచునప్పుడు పిక్క పట్టి, నిలిచినప్పుడు తగ్గును. పాదము చల్లగా, పాలిపోయి యుండును. బొటనవ్రేలిపై పుండు మానదు. ఈ కాలికి రక్తము పైనుండి క్రిందికి చాలకున్నది గనుక దానిని ఎత్తిపెట్టినచో ఇంకను తగ్గిపోవును. బిగువు మేజోడు తొడుగరాదు. వేడినీటి సంచి పెట్టరాదు. స్పర్శ తెలియక కాలును. పొగాకు మానుటయే మొదటి మందు. ఉన్నట్టుండి కాలు తెల్లబారి, చల్లబడి, భరింపరాని నొప్పితో మొద్దుబారినచో ఆరుగంటలలోపల చికిత్స అందుటకు యత్నించవలెను. ఆలస్యమైనచో కాలు దక్కుట కష్టము.

వెచ్చగా వాచిన కాలు, చల్లగా పాలిన కాలు ఒకటి కావని తెలిసికొనినచో మీరు సగము ఉపచారజ్ఞానము గడించినవారే. తక్కిన సగము, తెలిసినదానిని వేళకు నోరువిప్పి చెప్పుట. ఈ పుటను కత్తిరించి యింట నుంచుకొని, ఆసుపత్రికి పోవు ఇరుగుపొరుగువారికి చదివి వినిపింపుడు.

వచ్చు మాసమున, బహుదినములు మంచముపట్టినవారికి కలుగు పడకపుండ్లను గూర్చి వ్రాసెదను.